పాత సెల్లులకు పాత రంగు

నా సెల్లులకు రంగు వేశారు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా దవడ బిగుసుకుంటోంది.

నేను పాత బ్యాటరీలు దాచుకుంటాను. కారు బ్యాటరీలు కావు, ఇళ్ళలో వాడినవి. టార్చిలైటు సెల్లులు, కాలింగ్ బెల్లుకు పెట్టే పొడుగాటి సెల్లులు, కరెంటు రాని ఊళ్ళలో వాల్వు రేడియోలను నడిపించిన ఇటుకలంత బ్యాటరీలు, కెమెరా ఫ్లాషులలోవి, చేతి గడియారాలలోవి. ఇప్పుడు ఎవరూ తయారుచెయ్యనివి, ఏ షాపులో అడిగినా మొహం అదోలా పెట్టేవి. వాటిలో ఒక్కటీ పనిచెయ్యదు. మధురానగర్‌లో మా ఫ్లాటుకు వచ్చిన వాళ్ళంతా హాల్లో అద్దాల బీరువా ముందు నిలబడి ముందుగా అడిగేది అదే.

"పనిచేస్తాయా?"

"చెయ్యవు."

"మరెందుకండీ?"

ఈ ప్రశ్నకు నాకు ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది. గోడకు తగిలించిన పింగాణీ పళ్ళేన్ని చూసి ఇందులో అన్నం తింటారా అని ఎవరూ అడగరు. సెల్లు అనేసరికి మాత్రం పనిచెయ్యాలి, లేదా చెత్తలో ఉండాలి.

ఎందుకో చెప్పాలంటే మా అమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

మా అమ్మకు చెవుడు. నన్ను కన్న తర్వాత వచ్చిన జ్వరంతో రెండు చెవులూ దాదాపు పోయాయి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అమీర్‌పేటలో ఒక రెండు గదుల వాటాలో అద్దెకున్న రోజుల్లో, ఆఫీసులో ఎవరో చెబితే నాన్న అమ్మకు వినికిడి మిషను కొన్నాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా. జాకెట్టు లోపల పిన్నుతో తగిలించుకుంటే, దాన్నుంచి ఒక తీగ చెవిలోకి వెళ్ళేది. డబ్బాలో ఒక పెన్సిల్ సెల్లు. ఆ సెల్లులో పస ఉన్నన్నాళ్ళూ మా అమ్మ వింటుంది. అది అయిపోతే, మళ్ళీ కొనేదాకా వినదు.

కాబట్టి మా ఇంట్లో అమ్మ వినికిడికి రేషను ఉండేది. "ఇప్పుడు నీతో ఎవరు మాట్లాడుతున్నారని? ఆపెయ్, సెల్లు దండగ" అనేవాడు నాన్న. అనడమే కాదు, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో మెలితిప్పి చూపించేవాడు. అమ్మ మారుమాట లేకుండా జాకెట్టులో చెయ్యి పెట్టి మీట తిప్పేసేది. చుట్టాలొస్తే ఆన్. వాళ్ళు గుమ్మం దిగితే ఆఫ్. మా నానమ్మ అయితే, కోడలు మిషను పెట్టుకుని ఊరికే కూర్చుంటే ఏదో కుళాయి విప్పి వదిలేసినట్టు చూసేది.

అదే గదిలో అలమరలో నాన్న ట్రాన్సిస్టర్ ఉండేది. దానికి పెద్ద సెల్లులు నాలుగు పట్టేవి. దాని గొంతు కాస్త బొంగురుపోతే చాలు, ఆ సాయంత్రమే కొత్తవి వచ్చేవి. వార్తలు వినాలి కదా. ఆ సెల్లులు దండగ అని ఎవరూ అనగా నేను వినలేదు.

అయిపోయిన సెల్లును ఎండలో పెడితే కాస్త ప్రాణం వస్తుందని అప్పట్లో అందరూ చేసేవాళ్ళు. అమ్మ సెల్లును నేను డాబా మీద పెట్టేదాన్ని. సాయంత్రం తెచ్చి మిషనులో వేస్తే కాసేపు పలికేది. ఆ కాసేపట్లోనే బళ్ళో జరిగినవన్నీ గబగబా చెప్పేసేదాన్ని. చెబుతూ ఉండగానే అమ్మ చూపు నా కళ్ళ మీది నుంచి పెదాల మీదికి దిగేది. అప్పుడు తెలిసేది, సెల్లు అయిపోయిందని. ఆమె మాత్రం నేను నొచ్చుకుంటానని తల ఊపుతూనే ఉండేది.

నాకు మొదటి ఉద్యోగం వచ్చిన ఏడాది అమ్మ పోయింది. ఆమె పెట్టెలో మిషను దొరికింది కానీ సెల్లు ఒక్కటీ దొరకలేదు. అయిపోయిన సెల్లును ఎవరు దాస్తారు?

పంజాగుట్టలో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. మధ్యలో ఒక ఏడాది కాలేజీ వాళ్ళు ల్యాబు ఎత్తేసి ఆ గదిలో కంప్యూటర్లు పెట్టారు. ఒకప్పుడు పిల్లలు అమ్మోనియం క్లోరైడు ద్రావణం పోసి ప్రయోగాలు చేసిన తడి సెల్లుల గాజు జాడీలు మెట్ల కింద పోగేసి ఉన్నాయి. పగలని వాటిని చీర కొంగుతో తుడిచి ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. అలా మొదలైంది. తర్వాత అమీర్‌పేట సందుల్లో రేడియో రిపేరు షాపులు ఒక్కొక్కటీ మూతపడి సెల్‌ఫోను షాపులవుతుంటే, వాటి అటకల మీది అట్టపెట్టెలు నా పాలబడ్డాయి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్ని దొరికాయి. నెమలి బొమ్మ ఉన్న నీలం కాగితం తొడుగుతో ఒక టార్చి సెల్లు, తెలుగులోనూ ఉర్దూలోనూ పేరు అచ్చువేసిన బెల్లు సెల్లు, రెండు ఇత్తడి నాలుకలు బయటికి చాచి ఉండే చదునైన బ్యాటరీ. మా ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన ఆ బీరువాను "శవాగారం" అనేవాడు. అన్నా, వానాకాలం వస్తే నాకంటే ముందు బీరువా తలుపు తీసి వాసన చూసేది ఆయనే.

వాసన ఎందుకంటే, సెల్లు ఎంత మంచిదైనా ఏదో ఒకనాడు కారుతుంది. లోపలి మందు జింకు గొట్టాన్ని తినేస్తుంది. తొడుగు తడిసి చివికిపోతుంది. ఒకటి కారితే పక్కవాటినీ పాడుచేస్తుంది. అందుకని ఒక్కో సెల్లును విడిగా మెత్తటి కాగితంలో నిలబెట్టి, తేమ పీల్చే చిన్న పొట్లాలు పక్కన వేసి, ఎండ సోకకుండా, ఒట్టి చేతులతో ముట్టుకోకుండా కాపాడాను. నా సెల్లులు నిన్నగాక మొన్న షాపులోంచి తెచ్చినట్టుండేవి. నాకు అదే గర్వం. నా కొంపముంచింది కూడా అదే.

ఎర్రగడ్డ సంతలోనే అతను పరిచయమయ్యాడు. నలభై ఏళ్ళుంటాయి. కృష్ణానగర్‌లో ఉంటాడు, సినిమాలకూ వెబ్ సిరీస్‌లకూ ఆర్ట్ డిపార్టుమెంటులో అసిస్టెంటు. ఆ రోజు పాత టార్చిలైట్లు వెతుక్కుంటున్నాడు. సెల్లులు కావాలంటే ఈ మేడమ్‌ని అడుగు అని దుకాణం అతనే నన్ను చూపించాడు. మర్నాడే ఇంటికొచ్చాడు. బీరువా ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"గివన్ని ఎట్ల జమ చేసిండ్రు మేడమ్? మస్తున్నయ్. నేను ఇంత మంచిగ ఎక్కడ సూడలే."

పనిచేస్తాయా అని అడగలేదు. నిజం చెప్పొద్దూ, నాకు అక్కడే మనసు కరిగింది.

రెండు రోజుల తర్వాత ఆర్ట్ డైరెక్టరును వెంటబెట్టుకొచ్చాడు. ఆయనది మా వైపు మాట. నల్లకళ్ళద్దాలు నెత్తి మీద, మెడలో స్కార్ఫు. "రేర్ కలెక్షనండీ! మా కథలో హీరోయిన్ నాన్నకి రేడియో రిపేరు షాపుంటుంది. ఆ షాపుకి ప్రాణం మీ సెల్లులే అనుకోండి" అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా నేను దాచుకున్నవాటిని ఒకరు అడగడం అదే మొదటిసారి. అద్దె సంగతి ఎత్తబోతే నేనే వద్దన్నాను. బాగా ఉన్నవి ఏరి రెండు ట్రేలలో సర్ది ఇచ్చాను. వాటితోపాటు నాకు అన్నిటికంటే ఇష్టమైన రేడియో బ్యాటరీ కూడా ఇచ్చాను. ముదురాకుపచ్చ అట్టపెట్టె, నాలుగు వైపులా లక్కలాంటి సీలు, ఎవరూ ఎన్నడూ విప్పనిది.

"నీళ్ళు తగలనివ్వకండి. లైట్ల వేడికి దగ్గరగా పెట్టకండి. దేన్నీ తెరవకండి" అని మరీమరీ చెప్పాను.

"ఫికర్ చేయకుండ్రి మేడమ్, నేనున్న గద" అన్నాడు అసిస్టెంటు.

రంగు వెయ్యకండి అని చెప్పలేదు. అలా చెప్పాలని ఎవరికి తడుతుంది? పిల్లను పక్కింట్లో వదిలి బజారుకు వెళ్తూ, జుట్టు కత్తిరించకండి అని చెబుతామా?

షూటింగు శ్రీనగర్ కాలనీలో ఒక పాత ఇంట్లో. ఆ ఇంటి కారు షెడ్డును రేడియో షాపుగా మార్చారు. చూడ్డానికి రమ్మని అసిస్టెంటు ఫోన్ చేస్తే, నేనూ మా ఆయనా ఒక మధ్యాహ్నం వెళ్ళాం. సున్నుండలు చేసి డబ్బా నిండా పట్టుకెళ్ళాను. పంజాగుట్ట దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగిపోతే, ఆలస్యమైపోతుందని పెళ్ళికి వెళ్తున్నదానిలా కంగారుపడ్డాను కూడా.

షెడ్డులో లైట్లు సర్దుతున్నారు. అసిస్టెంటు ఎదురొచ్చి సున్నుండ తీసుకుని నన్ను లోపలికి తీసుకెళ్ళాడు. గోడకు చెక్క అలమరా. దాని నిండా మట్టి రంగులో ఏవో గొట్టాలు. ఏదో కాల్చి ఆర్పేసిన ఇంట్లోంచి ఏరుకొచ్చినట్టున్నాయి.

"నావెక్కడ బాబూ?" అని అడిగాను.

"గవే మేడమ్!" అతని మొహం వెలిగిపోతోంది. "సూడుండ్రి, ఎట్లొచ్చిందో. రెండు దినాలు కూసొని చేసిన."

దగ్గరికి వెళ్ళి చూశాను. బ్రౌన్ స్ప్రే కొట్టారు. అది ఆరాక గరుకు కాగితంతో అక్కడక్కడా రుద్దారు. దాని మీద ముల్తానీ మట్టి అద్దారు. బెల్లు సెల్లు మీద ఉర్దూ అక్షరాలు సగం లేచిపోయి జింకు మెరుస్తోంది. నీలం తొడుగు సెల్లు మీద నెమలి తోక కొస మాత్రం మిగిలింది. తక్కినదంతా బురద.

"ఏంటిది?" అన్నాను.

"ఏజింగ్ మేడమ్. మీవి మరీ కొత్తగ కొడుతుండె కెమెరల. పాతయి లెక్క కనవడాలె గద."

"అవి పాతవే!"

"పాతయే మేడమ్. కని పాతగ కనవడ్తలేవు."

నేను అరిచాను. క్లాసులో కూడా ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు. షెడ్డంతా తిరిగి చూసింది. ఎవరో "సైలెన్స్" అన్నారు. "మీరే సైలెన్స్!" అన్నాను. అప్పుడే కంటపడింది, బల్ల మీద నా రేడియో బ్యాటరీ. మూత కోసేశారు. కత్తితో మూడు వైపులా కోసి, అట్టను డబ్బా మూతలా పైకి లేపారు. లోపల తారు పగిలి, వేలంత సెల్లులు వరసగా, పళ్ళు ఇకిలించినట్టు కనబడుతున్నాయి. పక్కనే స్క్రూడ్రైవరు. అందులోకి హీరో తొంగి చూడాలట.

ఆర్ట్ డైరెక్టరు మెల్లగా నడిచొచ్చాడు. తొందరేం లేదు మనిషికి. "మేడమ్, మేడమ్, కూర్చోండి. ఎవరైనా మేడమ్‌కి కాఫీ ఇవ్వండయ్యా. మీరు ఎమోషనల్ అవుతున్నారు."

"దీన్ని ఎవరు కోశారు?"

"షాట్‌కి కావాలండీ. అయినా అవి డెడ్ కదా. చచ్చిన సెల్లుకి రంగేస్తే ఏమవుతుంది చెప్పండి?"

"తెరవొద్దని చెప్పానా లేదా?"

"తెరవొద్దన్నారు, ఒప్పుకుంటాను. రంగు మాత్రం వెయ్యొద్దని మీరు అన్లేదు కదండీ" అని నవ్వాడు.

ఆ నవ్వు చూశాక ఇక మాట్లాడాలనిపించలేదు. అలమరా దగ్గరికి వెళ్ళి ఒక్కొక్క సెల్లూ తీయడం మొదలుపెట్టాను. పైన అద్దిన మట్టి రాలుతోంది. నా వేళ్ళకంటింది, చీరకంటింది. ప్రొడక్షన్ మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, అమ్మా! తియ్యకండి! పొద్దున సగం సీను తీసేశాం. కంటిన్యుటీ పోతది!"

"పోనీ."

"రేపు మిగతా సీనుంది. అదే షెల్ఫు కనబడాలి. మీకేం కావాలో చెప్పండి, సెటిల్ చేద్దాం."

"నాకు నేనిచ్చిన సెల్లులు కావాలి. తెచ్చివ్వు."

అసిస్టెంటు అలమరా పక్కనే నిలబడి ఉన్నాడు, కొరికిన సున్నుండ చేతిలో అలాగే ఉంది. నాకు అతన్ని చూస్తే ఇంకా మండింది. ఆర్ట్ డైరెక్టరుకు నా సెల్లులు ఏమిటో తెలియదు. ఇతను బీరువా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడు.

మా ఆయన బయటికి వెళ్ళి ఎక్కడినుంచో రెండు అట్టపెట్టెలు, పాత పేపర్లు తెచ్చాడు. నేల మీద చతికిలబడి, నేను అందిస్తున్న ఒక్కో సెల్లునూ పేపరులో చుట్టి పెట్టెలో నిలబెట్టాడు. శవాగారం అని ఎగతాళి చేసిన మనిషి. ఎవరో ఆయన భుజం మీద చెయ్యి వేసి నచ్చజెప్పబోతే, ఆ చేతిని తీసి పక్కన పెట్టి, మళ్ళీ చుట్టడంలో పడ్డాడు.

మర్నాడు పొద్దున్నే ఆర్ట్ డైరెక్టరు పళ్ళబుట్ట పట్టుకుని మా ఇంటికొచ్చాడు. మొహం నిన్నటిలా లేదు. రాత్రి డైరెక్టరు చేత బాగా తిట్లు తిన్నట్టుంది.

"జరిగింది తప్పేనండీ. మా వాడు ఓవర్ చేశాడు. నేను లైట్‌గా డస్టు కొట్టమన్నాను, వాడు నాకు చెప్పకుండా పెయింటేశాడు. వాణ్ణి నిన్ననే తీసేశాను. మీరు కాస్త పెద్ద మనసు చేసుకుని ఈ రెండు రోజులకి ఆ సెల్లులు..."

"బయటికి నడవండి" అన్నాను. పళ్ళబుట్టను కూడా ఆయనతోనే పంపించాను. లిఫ్టు దాకా మా ఆయన మోసుకెళ్ళి చేతిలో పెట్టి వచ్చాడు.

కానీ ఆ మాట నన్ను తొలిచింది. "నాకు చెప్పకుండా పెయింటేశాడు" అన్నాడు కదా. అసిస్టెంటుకు ఫోన్ చేశాను, తిడదామనే. ఒక గంటలో తనే వచ్చాడు. చేతిలో థిన్నరు సీసా, దూది. తీసేస్తా మేడమ్, జర ఓపిక పట్టుండ్రి అంటూ వరండాలో కూర్చున్నాడు. ఒక సెల్లు ఇచ్చాను. థిన్నరులో ముంచిన దూదితో మెల్లగా రుద్దాడు. బ్రౌన్ రంగు ఊడొచ్చింది. దాని వెనకే తొడుగు మీది ఎర్ర రంగు వచ్చింది. తర్వాత అక్షరాలు వచ్చాయి. దూది మీద అన్నీ కలిసిపోయాయి. సెల్లు మీద తెల్ల కాగితం మిగిలింది.

"ఆపు" అన్నాను.

అతను ఆపాడు. తల ఎత్తలేదు.

"పెయింటు వెయ్యమని ఆయన చెప్పాడా, నీ అంతట నువ్వే వేశావా?"

"సార్ చెప్తెనే చేసిన మేడమ్. డబ్బ కొయ్యుమన్నది సుత ఆయెనే. నేను ఒక్కసారి అడిగిన, మేడమ్‌కి ఫోన్ చేద్దమా అని. వద్దన్నడు. మల్ల నేను అడగలే." దూదిని సీసా పక్కన పెట్టి, "కని పని మాత్రం దిల్ పెట్టి చేసిన. ఇరవై ఏండ్ల సంది నా పని బాగలేదని ఎవ్వలనలే" అన్నాడు.

"పని బాగుంది. నేనే గుర్తుపట్టలేనంత బాగుంది. ఇంకోసారి అడగాల్సింది నువ్వు."

"అడగాల్సుండె" అన్నాడు.

నేను అతన్ని ఓదార్చలేదు. ఇప్పటికీ అతని మీద నాకు కోపం పోలేదు. కానీ కోపం ఒక చోట ఉంటే, అన్యాయం ఇంకో చోట ఉంటే, రెంటినీ ఒకటే చెయ్యడం నా వల్ల కాదు. అమ్మ కోసం ఎవరూ ఏమీ అనని, ఏమీ చెయ్యని ఇంట్లో పెరిగాను. నోరున్నవాడు నోరులేనివాణ్ణి వేలితో సైగచేసి ఆపెయ్యడం నాకు బాగా తెలుసు.

డైరెక్టరు నంబరు అతని దగ్గరే తీసుకుని ఫోన్ చేశాను. కుర్ర డైరెక్టరు, గొంతు అలిసిపోయి ఉంది. "మేడమ్, సారీ, ఆ షెల్ఫు లేకపోతే మొత్తం సీను మళ్ళీ తియ్యాలి. ఆ లొకేషను మాకు ఇంక రెండు రోజులే ఉంది" అన్నాడు.

"సెల్లులిస్తాను" అన్నాను. వరండాలో అసిస్టెంటు తలెత్తి చూశాడు. "ఎలాగూ చెడిపోయాయి, మీ సీను కూడా ఎందుకు చెడాలి? కానీ రంగు వెయ్యమన్నదీ, డబ్బా కొయ్యమన్నదీ మీ ఆర్ట్ డైరెక్టరు. తీసేసింది ఈయన్ని. ఈయన్ని పనిలోకి తీసుకోండి. ఆ సెల్లుల బాధ్యత ఈయనకే ఇవ్వండి. ఇంకోటి. వాటిని మా ఇంటి నుంచి మీ ఆర్ట్ డైరెక్టరు తన చేతులతో మోసుకెళ్ళాలి. మళ్ళీ తన చేతులతోనే తెచ్చివ్వాలి."

"పంపిస్తాను మేడమ్" అన్నాడు.

మధ్యాహ్నం ఆర్ట్ డైరెక్టరు వచ్చాడు. ఈసారి నెత్తి మీద కళ్ళద్దాలు లేవు. మా లిఫ్టు ఆ రోజు పనిచేస్తూనే ఉంది. అయినా, కుదుపుకు సెల్లులు పడిపోతాయి, మెట్ల మీద దిగండి అన్నాను. అది అబద్ధం. నాలుగు అంతస్తులు రెండుసార్లు దిగాడు, ఒక్కో పెట్టెను గుండెకు హత్తుకుని. అసిస్టెంటు సాయం చెయ్యబోతే నేను వద్దన్నాను. అతను ఇబ్బందిగా గోడకు ఒదిగి నిలబడ్డాడు. చెప్పకేం, ఆ ఒక్క పూట నాకు కడుపులో చల్లగా ఉంది.

ఆర్ట్ డైరెక్టరు చేతుల మీదుగానే సెల్లులు తిరిగొచ్చాయి. ఇంకేమీ చెడలేదు. అసిస్టెంటు రంగు వెయ్యకముందు రిఫరెన్సు కోసం ఒక్కో సెల్లుకు తీసిన ఫోటోలన్నీ నా ఫోనుకు పంపాడు. వాటిని చూసి అచ్చం అలాగే లేబుళ్ళు అచ్చువేయించి తొడుగుతాను, ఎవ్వరూ గుర్తుపట్టరు అన్నాడు. వద్దన్నాను. వాటికి వేసిన నకిలీ పాత వేషం చాలు, ఇంక నకిలీ కొత్త వేషం కూడానా? బీరువాలో పై అరలు మిగిలినవాటికి వదిలేసి, రంగు పడ్డవాటిని కింది అరలో పెట్టాను. పనిచేస్తాయా అని అడిగేవాళ్ళు ఇప్పుడు ఆ అరను చూసి, "ఇవైతే నిజంగా పాతవండీ" అంటున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను.

చాలా నెలల తర్వాత ఆ సిరీస్ వచ్చింది. నేను చూడనన్నాను. మా ఆయన ఒక్కడే హాల్లో కూర్చుని పెట్టుకున్నాడు. రేడియో షాపు సీను వచ్చేసరికి ఆగలేక నేనూ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాను. హీరో బల్ల ముందు కూర్చున్నాడు. మొహానికి ఎంతో దగ్గరగా పెట్టారు కెమెరా. అతని చెవి వెనక, దూరంగా, ఏదో గోధుమరంగు మసక. అంతే. మా ఆయన ఆపాడు. లేచి టీవీ దగ్గరికి వెళ్ళి కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు.

"ఇదిగో, ఇది బెల్లు సెల్లేమో చూడు."

చూశాను. అది సెల్లో, సీసానో, గోడ మీది మరకో ఎవరూ చెప్పలేరు. కోసిన రేడియో బ్యాటరీ అసలు లేనే లేదు. ఆ షాటు ఎడిటింగులో తీసేసినట్టున్నారు. ఆ అలమరాలో అగ్గిపెట్టెలు పేర్చినా, ఖాళీ డబ్బాలు పేర్చినా, ఆ మసక అలాగే ఉండేది. నా సెల్లులకు రంగు వెయ్యకపోయినా అలాగే ఉండేది.

వెంటనే ఆర్ట్ డైరెక్టరుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. వాయిస్ మెసేజి పెట్టాను. ఏమన్నానో ఇక్కడ రాయను. మా ఆయన మధ్యలో లేచి వెళ్ళి కిటికీ మూశాడని మాత్రం చెబుతాను. సాయంత్రానికి జవాబొచ్చింది. రెండు దణ్ణాల బొమ్మలు, కింద "థాంక్యూ మేడమ్, మీ సపోర్టుకి". విననేలేదన్నమాట.

మొన్న వానల్లో కింది అరలో రెండు సెల్లులు కారాయి. రంగు పైకి ఉబ్బి, పెచ్చులు లేచి, కింద తెల్లగా పొంగింది. ఇంక దాచడానికి లేదు. వాటిని ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి, అమీర్‌పేటలో పాడైన ఎలక్ట్రిక్ సామాను తీసుకునే కౌంటరుకు పట్టుకెళ్ళాను. అక్కడున్న ఆవిడ గ్లౌజులు తొడుక్కుని కవరు విప్పి, సెల్లులను అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిదేంది ఆంటీ, సెల్లులకు పెయింటేసిండ్రు?"

"నేను వెయ్యలేదు" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, వరసలో నిలబడ్డవాళ్ళంతా నా వంక చూశారు. "నేను వెయ్యలేదమ్మా" అని మళ్ళీ అంతే గట్టిగా అన్నాను.